రాడారుకూ రాకెట్టుకూ మధ్య మా బడి

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే రహదారి మీద గాదంకి అనగానే మా ప్రాంతంలో ఎవరికైనా ముందుగా గుర్తుకు వచ్చేది టోల్‌ప్లాజా. వాహనాలు బారులు తీరే ఆ ఊరి దగ్గరే, కొండల నడుమ నాలుగెకరాలకు పైబడిన నేల మీద 1024 యాంటెనాలు వరుసలు కట్టి నిలబడి ఉన్నాయనీ, మన తలల మీద కిలోమీటర్ల ఎత్తున వీచే గాలులను అవి నేల మీది నుంచే కొలుస్తాయనీ తెలిసినవారు మాత్రం తక్కువ. అక్కడి నుంచి తూర్పుగా నేరుగా కొలిస్తే సుమారు 115 కిలోమీటర్ల దూరంలో శ్రీహరికోట ఉంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ప్రయోగం జరిగితే తిరుపతిలో జనం మిద్దెలెక్కి రాకెట్టు వెలుగును చూస్తారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు రాడారూ, రాకెట్ కేంద్రమూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. నేను పంతొమ్మిదేళ్లుగా పాకాల ప్రాంతంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతిక, రసాయన శాస్త్రాలు బోధిస్తున్నాను. అంతరిక్ష విజ్ఞానానికి ఇంత దగ్గరలో పుట్టి పెరుగుతున్న మా పిల్లలు దానికి ఎందుకు ఇంత దూరంగా ఉండిపోతున్నారన్న ప్రశ్న నన్ను కొన్నేళ్లుగా వేధిస్తున్నది. నాకు దొరికిన జవాబును, దానితో పాటు పిల్లలకూ తోటి ఉపాధ్యాయులకూ అక్కరకు వచ్చే వివరాలను ఇక్కడ రాసి పెడుతున్నాను.

కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి దినపత్రిక ముక్క ఒకటి మడిచి తెచ్చి నా చేతిలో పెట్టింది. వాళ్ల నాన్న కూరగాయలు చుట్టి తెచ్చిన కాగితం అది. ఇస్రో నిర్వహించే యువ విజ్ఞాని కార్యక్రమానికి, అంటే యువికాకు, దరఖాస్తులు పిలుస్తున్నట్లు అందులో ఉంది. "మేడం, మన బడి నుంచి కూడా పంపించొచ్చా?" అని అడిగింది. చివరి తేదీ చూస్తే అప్పటికి నాలుగు రోజులు దాటిపోయింది. ఆ పిల్ల ఎనిమిదో తరగతిలో మా బడిలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నది. మండల స్థాయి సైన్స్ ప్రదర్శనలో తన నమూనాను వివరించి వచ్చింది. అర్హతలన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఆ ప్రకటన విషయం ఆమెకు సమయానికి చెప్పే మనిషి. ఆ మనిషిని నేను కావలసింది. అప్పటికే యువికా మొదలై కొన్నేళ్లు గడిచాయి కాబట్టి నాకు తెలియకపోవడానికి సాకు కూడా లేదు. మరుసటి సంవత్సరం పంపుదామంటే అప్పటికి ఆమె పదో తరగతికి వెళ్లిపోతుంది. ఆ కార్యక్రమం తొమ్మిదో తరగతి వారికి మాత్రమే.

యువికా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇస్రో దీనిని 2019లో ప్రారంభించింది. కరోనా కారణంగా రెండేళ్లు ఆగినా, తరువాత మళ్లీ కొనసాగుతున్నది. ఆ ఏడాది జనవరి 1 నాటికి తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లలు దీనికి అర్హులు. ప్రకటన సాధారణంగా ఫిబ్రవరిలో వెలువడి, దరఖాస్తు గడువు మార్చిలో ముగుస్తుంది. ఎంపికైన వారు వేసవి సెలవుల్లో దాదాపు రెండు వారాలు ఇస్రో కేంద్రాలలో ఒకదానిలో ఉండి, శాస్త్రవేత్తల పాఠాలు వింటారు, ప్రయోగశాలలు చూస్తారు, చేతులతో పనిచేసి నేర్చుకుంటారు. రాకపోకల ఖర్చునూ, బస, భోజన ఏర్పాట్లనూ ఇస్రోనే చూసుకుంటుంది. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులకు పెద్ద వాటా ఉంటుంది. 2024 ప్రకటన ప్రకారం అది 50 శాతం. అదే ప్రకటనలో గ్రామ పంచాయతీ పరిధిలోని బడులలో చదివే పిల్లలకు 15 శాతం ప్రాధాన్యం కేటాయించారు. ఈ 15 శాతం సంగతి మా వంటి బడులలో ప్రతి గోడ మీదా రాసి పెట్టదగినది. నగరంలోని పెద్ద బడిలో చదివే పిల్లవాడు ఎంత డబ్బు ఖర్చు పెట్టినా దాన్ని తెచ్చుకోలేడు, మా పిల్లలకు అది పల్లె బడిలో చదువుతున్నందుకే దక్కుతుంది. మిగిలిన వాటా ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ప్రదర్శనలు, ఒలింపియాడ్‌లు, ఆటల పోటీలు, స్కౌట్స్, ఎన్‌సీసీ వంటి వాటిని బట్టి వస్తుంది. వీటికి ధ్రువపత్రాలు చూపాలి. అందుకే ఏడో తరగతి నుంచే కాగితాలు భద్రపరచుకోవాలి. మా పిల్లల ఇళ్లల్లో ఆ కాగితాలు వాన నీటికి తడిసిపోవడమో, ఇల్లు మారినప్పుడు పోవడమో నేను చాలాసార్లు చూశాను.

ఈ అవకాశాలు మా పిల్లల చేయి జారిపోవడం వెనుక మరొక కారణం ఉంది. నా ఆలోచనలో అసలు కారణం అదే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన ఉన్నత పాఠశాలల్లో ఉపాధ్యాయులందరి దృష్టీ పదో తరగతి మీదే ఉంటుంది. ఉదయం ప్రత్యేక తరగతులు, సాయంత్రం ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టులు, ప్రీ ఫైనల్ పరీక్షలు, వెనకబడిన పిల్లల జాబితాలు, ఉత్తీర్ణత శాతం మీద సమీక్షలు. తొమ్మిదో తరగతి పిల్లలు ఆ రెండు నెలలూ ఎవరికీ పట్టని వారుగా మిగిలిపోతారు. చాలాసార్లు వాళ్ల పీరియడ్ కూడా పదో తరగతికే పోతుంది. సరిగ్గా అప్పుడే వాళ్ల కోసం ఒక తలుపు తెరుచుకుని, నెల తిరగకుండానే మూసుకుంటుంది. మా పిల్లలకు తెలివి తక్కువై ఈ అవకాశాలు పోవడం లేదు. సరైన వయసులో సరైన తేదీ చెప్పేవారు లేక పోతున్నాయి. ఇది తెలిసిన నాటి నుంచి నేను ఒక పని చేస్తున్నాను. ప్రతి విద్యాసంవత్సరం ఆరంభంలోనే ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఒక్కొక్క కవరు తెరిచి, వాళ్ల ధ్రువపత్రాల నకళ్లు, మార్కుల జాబితాలు అందులో వేసి బీరువాలో పెడుతున్నాను. ప్రకటన వచ్చిన రోజు కాగితాల కోసం వెతుక్కునే పని ఉండదు.

ఈ కవర్లలో చేరవలసినవి ఇంకా ఉన్నాయి. కేంద్ర విజ్ఞాన, సాంకేతిక శాఖ నిర్వహించే ఇన్‌స్పైర్ మానక్ అనే పథకానికి పిల్లల ఆలోచనలను బడి తరఫున ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. ఎంపికైన ఆలోచనకు నమూనా తయారు చేసుకోవడానికి 10,000 రూపాయలు నేరుగా విద్యార్థి ఖాతాలో పడతాయి. ఖగోళశాస్త్రంలో ఆసక్తి ఉన్నవారికి భారత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల సంఘం ఏటా నవంబరులో జాతీయ స్థాయి పరీక్ష నిర్వహిస్తుంది. అందులో నెగ్గినవారు ముంబైలోని హోమీ భాభా విజ్ఞానశాస్త్ర విద్యా కేంద్రం చేపట్టే తరువాతి దశలకు వెళ్లి, చివరకు అంతర్జాతీయ ఖగోళ ఒలింపియాడ్‌కు వెళ్లే భారత జట్టులో చోటు సంపాదించవచ్చు. 2025 ఆగస్టులో ఆ ఒలింపియాడ్ ముంబైలోనే జరిగింది. దాని మొదటి మెట్టు అయిన పరీక్షకు పేరు నమోదు చేసుకునే గడువు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే ముగిసిపోతుంది. ఇది ఇంటర్ పిల్లలకు ఎక్కువగా ఉపయోగపడే పరీక్ష. కానీ తొమ్మిది, పది తరగతుల్లోనే దాని పేరు విననివాడికి ఇంటర్‌లో దాని మీద మనసు పోదు.

ఇక గాదంకి. అక్కడున్నది జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, వాడుకలో నార్ల్. కేంద్ర అంతరిక్ష శాఖ కింద స్వయంప్రతిపత్తితో నడిచే సంస్థ. 1990ల తొలినాళ్లలో ఎంఎస్‌టీ రాడార్ కేంద్రంగా మొదలై, 2005లో ఇప్పటి పేరు పొందింది. ఎంఎస్‌టీ అంటే మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్. మన వాతావరణంలోని మూడు పొరల పేర్లు. ముందుగా లిఖితపూర్వక అనుమతి తీసుకుని మా పిల్లలను అక్కడికి తీసుకువెళ్లిన రోజు నాకు బాగా గుర్తుంది. రాడార్ అంటే గుండ్రంగా తిరిగే పెద్ద గొడుగు అని ఊహించుకుని వచ్చిన వారికి, పాత ఇళ్ల మీది టీవీ యాంటెనాల వంటివి 32 వరుసల్లో, వరుసకు 32 చొప్పున, ఒక తోటలాగా నాటి ఉండడం చూసి నోట మాట రాలేదు. మొత్తం 1024. మొలకెత్తిన మామిడి టెంకలను వరుసల్లో నాటడం చూసిన పిల్లలు కాబట్టి లెక్క వెంటనే తేల్చేశారు.

అది పనిచేసే తీరు తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పగలిగినంత సులువైనదే. రాడార్ 53 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంతో రేడియో తరంగాలను పైకి పంపుతుంది. కాంతి వేగాన్ని ఆ సంఖ్యతో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 5.7 మీటర్లు వస్తుంది. నిర్మలంగా కనిపించే గాలిలో కూడా ఉష్ణోగ్రతలోనూ, తేమలోనూ చిన్న చిన్న తేడాలు సుడులు తిరుగుతూ ఉంటాయి. వాటిలో తరంగదైర్ఘ్యంలో సగం, అంటే దాదాపు 2.8 మీటర్ల పరిమాణంలో ఉన్న అలజడులు ఈ తరంగాలను తిరిగి నేలకు పంపుతాయి. ఆ ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూస్తే ఎత్తు తెలుస్తుంది. దాని పౌనఃపున్యం ఎంత మారిందో చూస్తే గాలి వేగం తెలుస్తుంది. రైలు కూత దగ్గరకు వచ్చేటప్పుడు ఒకలాగా, దూరమయ్యేటప్పుడు మరొకలాగా వినిపించడం పాకాల జంక్షన్ పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ డాప్లర్ ప్రభావమే ఇక్కడ గాలిని కొలుస్తున్నది. మరి ఇంత పరికరాన్ని ఇక్కడే ఎందుకు పెట్టారన్నది ఒక పిల్లవాడి ప్రశ్న. గాదంకి 13.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఉష్ణమండలంలో ఉంది. ఉష్ణమండలంలో మేఘాలు, ఉరుములు ఉండే కింది పొర 16, 17 కిలోమీటర్ల ఎత్తు వరకూ ఉంటుంది. ధ్రువాల దగ్గర అందులో దాదాపు సగమే. రుతుపవనాల గుట్టు తెలుసుకోవాలంటే ఈ అక్షాంశాల మీద కూర్చునే చూడాలి. చుట్టూ ఉన్న కొండలు బయటి రేడియో సందడిని కొంత అడ్డుకోవడం కూడా ఈ చోటికి కలిసివచ్చిన గుణమే.

సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో అక్కడి నుంచి ఒక బెలూన్ ఎగరవేస్తారు. దానికి కట్టిన చిన్న పెట్టె పైకి వెళ్తున్నంతసేపూ ఉష్ణోగ్రత, తేమ, పీడనం, గాలి వివరాలను రేడియో ద్వారా కిందికి పంపుతూనే ఉంటుంది. పైకి పోయేకొద్దీ బయటి పీడనం తగ్గడంతో బెలూన్ ఉబ్బి ఉబ్బి, 30 కిలోమీటర్ల ప్రాంతంలో పగిలిపోతుంది. బాయిల్ నియమాన్ని పుస్తకంలో చదివి అప్పజెప్పే పిల్లలు ఆ బెలూన్ చుక్కలాగా మారి కనిపించకుండా పోయేదాకా మెడలు ఎత్తి చూస్తూనే నిలబడ్డారు. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఒక పిల్లవాడు, "మేడం, దీంట్లో పని చెయ్యాలంటే ఏం చదవాల?" అని అడిగాడు. పంతొమ్మిదేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. రాకెట్టు గురించి అడిగిన వారున్నారు గానీ, గాలి గురించి అడిగినవారు లేరు.

వాడికి చెప్పిన జవాబును ఇక్కడ కొంచెం విస్తరించి రాస్తాను. ఇటువంటి పరిశోధనశాలకు ఇంజనీరింగ్ ఒక్కటే దారి కాదు. ఇంటర్‌లో ఎంపీసీ, డిగ్రీలో భౌతికశాస్త్రం, ఆ తరువాత ఎంఎస్సీ భౌతికశాస్త్రమో, వాతావరణ శాస్త్రమో చదివి, నెట్, గేట్, జెస్ట్ వంటి జాతీయ పరీక్షలలో ఒకదానిలో అర్హత సాధిస్తే జూనియర్ రీసెర్చ్ ఫెలోగా నెలవారీ భృతితో పీహెచ్‌డీ చేయవచ్చు. తిరుపతిలోనే 1954లో స్థాపించిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. దాని భౌతికశాస్త్ర విభాగానికి గాదంకి రాడార్‌తో ఏళ్ల తరబడి పరిశోధన సంబంధం ఉంది. ఏర్పేడు దగ్గర ఐసర్, అంటే విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థ, ఉంది. 2015లో మొదలైన ఆ సంస్థలో ఇంటర్ తరువాత ఐసర్ ప్రవేశ పరీక్ష రాసి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సులో చేరితే, మొదటి నుంచీ పరిశోధన వాతావరణంలోనే చదువు సాగుతుంది. ఐఐటీ మీద ఉన్న మోజులో ఐసర్ పేరు మా ప్రాంతపు తల్లిదండ్రుల నోట దాదాపు వినిపించదు. శాస్త్రవేత్త కావాలని మనసులో నిజంగా ఉన్న పిల్లకు ఐసర్ ఐఐటీకి ఏ విధంగానూ తీసిపోని చోటు అని నేను గట్టిగా నమ్ముతున్నాను. బీఎస్సీ భౌతికశాస్త్రం చదివితే ఏమొస్తుందని ఇళ్లల్లో అడిగే ప్రశ్న వల్ల మంచి పిల్లలు ఎందరో ఇష్టం లేని కోర్సుల్లో చేరిపోవడం నా కళ్లతో చూశాను.

అంతరిక్షానికే ప్రత్యేకించిన విద్యాసంస్థ కూడా ఒకటి ఉంది. తిరువనంతపురంలో 2007లో అంతరిక్ష శాఖ స్థాపించిన ఐఐఎస్‌టీలో ఏరోస్పేస్ ఇంజనీరింగ్, ఏవియానిక్స్‌తో కూడిన ఎలక్ట్రానిక్స్, ఐదేళ్ల ఇంజనీరింగ్ ఫిజిక్స్ కోర్సులు ఉన్నాయి. జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితం ఆధారంగా ప్రవేశాలు జరుగుతాయి. చదువులో నిర్ణీత ప్రమాణం నిలుపుకున్నవారిని, ఖాళీలను బట్టి, ఇస్రోలోకి తీసుకుంటారు. ఇతర కళాశాలల్లో ఇంజనీరింగ్ చదివినవారికి ఇస్రో కేంద్రీకృత నియామక మండలి సైంటిస్ట్ లేదా ఇంజనీర్ 'ఎస్‌సీ' పోస్టులకు (ఇది హోదా పేరు, రిజర్వేషన్ కాదు) ప్రకటనలు ఇస్తుంది. ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ శాఖలవారికి అవకాశాలు ఎక్కువ. ఇంజనీరింగ్‌లో కనీసం 65 శాతం మార్కులు ఉండాలన్నది సాధారణంగా కనిపించే నిబంధన. ఈ 65 శాతం సంగతి నాలుగో సంవత్సరంలో తెలిసి బాధపడిన మా పూర్వ విద్యార్థి ఒకడున్నాడు. మొదటి సంవత్సరంలోనే తెలిసి ఉంటే బ్యాక్‌లాగులు పడకుండా చూసుకునేవాడు.

అయితే నేను అన్నింటికంటే ఎక్కువగా చెప్పదలచుకున్నది ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లల గురించి. శ్రీహరికోట అంటే శాస్త్రవేత్తలు మాత్రమే ఉండే చోటు అని మా ఊళ్లలో ఒక భావం ఉంది. అది నిజం కాదు. 1971 అక్టోబరు 9న ఆర్‌హెచ్-125 అనే చిన్న పరిశోధక రాకెట్‌తో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. ఈనాడు అదే చోట ఎల్‌వీఎం-3 రాకెట్టుకు ఇరువైపులా ఉండే ఎస్-200 ఘన ఇంధన మోటార్లను తయారు చేస్తున్నారు. ఒక్కొక్క దానిలో దాదాపు 200 టన్నుల ఇంధనం పోస్తారు. ద్రవ హైడ్రోజన్‌ను సున్నాకు దిగువన 253 డిగ్రీల దగ్గర, ద్రవ ఆక్సిజన్‌ను సున్నాకు దిగువన 183 డిగ్రీల దగ్గర నిలవ చేసి, గొట్టాల ద్వారా రాకెట్టులోకి పంపుతారు. ఆ గొట్టాలకు వెల్డింగ్ చేసేవారు, వాల్వులు బిగించేవారు, కరెంటు తీగలు పరీక్షించేవారు, క్రేన్లు నడిపేవారు లేకపోతే శాస్త్రవేత్తల లెక్కలు కాగితం మీదే ఉండిపోతాయి. పదో తరగతి తరువాత ఐటీఐ పూర్తి చేసినవారికి టెక్నీషియన్-బి, మొదటి శ్రేణిలో డిప్లొమా పూర్తి చేసినవారికి టెక్నికల్ అసిస్టెంట్, బీఎస్సీ మొదటి శ్రేణివారికి సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులు శ్రీహరికోటలోని సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం (వాడుకలో షార్) ప్రకటనల్లో వస్తుంటాయి. ఏడో వేతన సంఘం స్థాయిల ప్రకారం టెక్నీషియన్ మూల వేతనం 21,700 రూపాయలతో, టెక్నికల్ అసిస్టెంట్‌ది 44,900 రూపాయలతో మొదలవుతుంది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ వంటి ట్రేడ్‌లు చిన్నచూపు చూడవలసినవి కావు. అగ్నిమాపక సిబ్బంది, నర్సులు, వంటవారు, గ్రంథాలయ సహాయకులు కూడా ఆ కేంద్రానికి కావాలి. తన కొడుకు పాలిటెక్నిక్‌లో చేరాడని సిగ్గుపడుతూ చెప్పిన ఒక రైతన్నకు ఈ సంగతులన్నీ కూర్చోబెట్టి వివరించాను. అప్పటి నుంచి ఆయన కనిపించినప్పుడల్లా, "షార్ వాళ్ల కాగితం ఏమన్నా వచ్చిందా మేడం?" అని అడుగుతూనే ఉంటాడు.

ప్రైవేటు రంగం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది ఇంకా వేగంగా మారుతున్నది. 2020లో కేంద్రం ఇన్-స్పేస్ అనే సంస్థను ప్రకటించి, ప్రైవేటు సంస్థలకు అంతరిక్ష రంగంలో అనుమతులిచ్చే ఏర్పాటు చేసింది. హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ విక్రమ్-ఎస్ రాకెట్టును 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచే పంపింది. చెన్నైకి చెందిన అగ్నికుల్ సంస్థ 2024 మే 30న త్రీడీ ముద్రణతో తయారైన ఇంజిన్‌తో తన రాకెట్టును పరీక్షించింది. మా జిల్లాకు రెండు వైపులా ఉన్న నగరాలు ఇవి. ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలు వీటి ఇంటర్న్‌షిప్‌ల మీద కన్నేసి ఉంచడం మంచిది.

ఇప్పుడు తోటి ఉపాధ్యాయులకు. పిల్లలకు చెప్పడానికి ముందు మనం నేర్చుకోవాలి. అందుకు డబ్బు ఖర్చు లేదు. దెహ్రాదూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్ఎస్ 2007 నుంచి దూరవిద్య పాఠాలు నడుపుతున్నది. రిమోట్ సెన్సింగ్, ఉపగ్రహ చిత్రాలు, భౌగోళిక సమాచార వ్యవస్థల మీద ఉచిత ఆన్‌లైన్ కోర్సులు ఉంటాయి. హాజరు, పరీక్ష పూర్తి చేస్తే ధ్రువపత్రం ఇస్తారు. నేను ఒకటి పూర్తి చేశాను. మొదటి రెండు రోజులు కష్టంగా అనిపించింది, తరువాత పాఠం నా చేతికి వచ్చింది. డిగ్రీ చివరి సంవత్సరం, పీజీ విద్యార్థుల కోసం ఇస్రో 2023లో స్టార్ట్ అనే పరిచయ శిక్షణను ప్రారంభించింది. దానికి కళాశాల ముందుకు వచ్చి కేంద్రంగా నమోదు కావాలి కాబట్టి, అక్కడా అధ్యాపకుడి చొరవే ముఖ్యం. హైదరాబాదులోని ఇస్రో కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ నడిపే భువన్ పటాల వెబ్‌సైట్‌లో మన ఊరి చెరువునే ఉపగ్రహం కంటితో చూడవచ్చు. మా సాంఘికశాస్త్రం మాస్టారూ, నేనూ కలిసి ఒక మధ్యాహ్నం పిల్లలకు వాళ్ల చెరువులను చూపించాం. తన పొలం గుర్తుపట్టిన పిల్లవాడు బడి విడిచిన తరువాత కూడా కంప్యూటర్ దగ్గర నుంచి కదలలేదు.

వేడుకల రోజులను కూడా వాడుకోవాలి. చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిన 2023 ఆగస్టు 23కు గుర్తుగా ఆ తేదీని జాతీయ అంతరిక్ష దినోత్సవంగా జరుపుతున్నాం. అక్టోబరు 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు. మొదటిది 1957లో స్పుత్నిక్ ఎగిరిన తేదీ, చివరిది 1967లో అంతరిక్ష ఒప్పందం అమలులోకి వచ్చిన తేదీ. ఆ వారంలో షార్ వారు వేర్వేరు ఊళ్లలో ప్రదర్శనలు, పోటీలు ఏర్పాటు చేస్తారు. శ్రీహరికోటలో 2019లో తెరిచిన సందర్శకుల గ్యాలరీ నుంచి ఆన్‌లైన్‌లో ముందుగా నమోదు చేసుకుని ప్రయోగం చూడవచ్చు. పిల్లలను తీసుకువెళ్లేవారు, రాకెట్టు తూర్పుకు పోవడం ఎందుకు మేలో ముందు రోజే చెప్పి తీసుకువెళ్లాలి. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరగడం వల్ల ఆ అక్షాంశం దగ్గర నేలకే సెకనుకు సుమారు 450 మీటర్ల వేగం ఉంటుంది. తూర్పుకు పోయే రాకెట్టుకు ఆ వేగం ఉచితంగా కలుస్తుంది. పైగా తూర్పున ఉన్నదంతా సముద్రం కావడంతో రాలిపడే భాగాల వల్ల జనానికి ప్రమాదం లేదు. ఈ రెండు మాటలు తెలిసిన పిల్లవాడు చూసే రాకెట్టు వేరు, తెలియనివాడు చూసే రాకెట్టు వేరు.

చిత్తూరు వైపు ఉపాధ్యాయులకు మరొక మాట. వేలూరు దాటి వాణియంబాడి మీదుగా వెళ్తే జవ్వాది కొండల్లో కావలూరు ఖగోళ వేధశాల వస్తుంది. హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు దానిని నెలకొల్పారు. 1977లో శని గ్రహానికి లాగానే యురేనస్‌కు కూడా వలయాలున్నాయని తేలినప్పుడు, ఆ పరిశీలనలు చేసిన చోట్లలో కావలూరు ఒకటి. 1986 నుంచి ఆయన పేరుతో పిలుస్తున్న అక్కడి 2.34 మీటర్ల దూరదర్శిని ఒకసారి చూసి తీరవలసినది.

ఏ పరికరమూ లేకుండా మా బడిలోనే చేసిన పని ఒకటి చెప్పి ముగిస్తాను. కర్కటరేఖకూ మకరరేఖకూ మధ్య ఉన్న ప్రతి ఊళ్లోనూ ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడ పడదు. మన దగ్గర అది ఏప్రిల్ నెలాఖరులో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి వస్తుంది. ఏప్రిల్‌లో వచ్చేసరికి బడికి సెలవులు ఇచ్చేస్తారు. ఆగస్టులో మాత్రం సరిగ్గా జెండా పండుగ వెంటనే వస్తుంది. పోయినసారి ఆగస్టు 16న, అదృష్టవశాత్తు మబ్బు విడిచింది. పన్నెండుంబావు దాటిన రెండు మూడు నిమిషాలకు మా జెండా స్తంభం నీడ దాని మొదట్లోకి ముడుచుకుపోయింది. అదే రోజు శ్రీకాకుళంలో పనిచేసే నా స్నేహితురాలి బడిలో, అక్కడి మిట్టమధ్యాహ్నం వేళ, పిల్లలు మీటరు కర్ర నీడ కొలిచి 8.5 సెంటీమీటర్లు అని ఫోన్లో చెప్పారు. మా పిల్లలు దాన్ని కొలత తగ్గించి కాగితం మీద గీశారు. కోణం 5 డిగ్రీలకు కొంచెం తక్కువగా వచ్చింది. అంత చిన్న కోణాన్ని కోణమానినితో కచ్చితంగా చదవడం కుదరక, టాంజెంట్ పట్టిక చూసి నేను 4.86 అని చెప్పాను. మా దగ్గర నీడే లేదు కాబట్టి, గుండ్రటి భూమి మీద రెండు ఊళ్ల మధ్య ఉన్న కోణం అదే. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరం పటం మీద 537 కిలోమీటర్లు. 360ని ఆ కోణంతో భాగించి, దూరంతో గుణిస్తే భూమి చుట్టుకొలత సుమారు 39,800 కిలోమీటర్లు వచ్చింది. ధ్రువాల మీదుగా అసలు కొలత 40,008.

తరగతి కాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. అప్పుడు రెండో బెంచీలోని ఒక అమ్మాయి లేచి, "మేడం, శ్రీకాకుళంలో కాకుండా కాశ్మీర్‌లో కొలిస్తే నీడ ఎంత వస్తుంది?" అని అడిగింది. శ్రీనగర్ అక్షాంశం 34 డిగ్రీలని అట్లాసులో ఆమె చేతనే చూపించి, 20 డిగ్రీల పైచిలుకు కోణంతో నల్లబల్ల మీద త్రిభుజం గీయించాను. మీటరు కర్రకు 37 సెంటీమీటర్లు దాటింది. సుద్ద చేతులతో ఆ లెక్కను కాగితం మీదికి ఎక్కించుకున్నది. ఆ అమ్మాయి తొమ్మిదో తరగతి. ఆ కాగితాన్ని ఆ సాయంత్రమే ఆమె కవరులో పెట్టాను. ఫిబ్రవరికి ఇంకా ఐదున్నర నెలలు ఉంది.